నీలి ముత్యాల పక్కన పసుపు చీర

ఎదురింటి మేడ మీద ఎవరో పసుపు చీర ఆరేశారు. పొద్దున తొమ్మిది దాటింది. ఎండ ఆ చీర మీద పడి, అక్కడినుంచి వీధి దాటి, మా వంటింటి గోడ మీదికి వచ్చి కూర్చుంది. నిన్నటిదాకా తెల్లగా ఉన్న గోడ ముద్దపప్పు రంగులోకి తిరిగింది. నా కంచంలో ఇడ్లీలు కూడా ఆ రంగుకే తిరిగాయి. నేను లేచి కిటికీ మూసేశాను.

"గాలి రాకుండా ఏందిమా ఇది?" అంది మా కూతురు.

"కొంచేపు ఉండనీ. చీర ఆరినాక తెరుస్తా."

"చీర వాళ్లది, గాలి మనది. దానికీ దీనికీ ఏంది సంబంధం?"

ఇడ్లీ తిన్నాను, చేయి కడుక్కున్నాను, కూర్చున్నాను, లేచాను. మళ్లీ కిటికీ దాకా పోయి రెక్క సందులోంచి చూశాను. చీర ఇంకా ఆరలేదు. ఇందిరా నగర్‌లో ఈ ఇంటికి వచ్చి పదేళ్లు దాటింది. నాకు డెబ్బై దాటాయి. అయినా ఆ రంగు ఎక్కడినుంచైనా నా మీద పడితే చాలు, లోపల ఏదో పట్టు తప్పుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక. అందంగా రాయడం రాదు, చూసింది రాయడమే వచ్చు. నేర్పిన మనిషి అలా నేర్పింది. ఆమె పేరు ఎం. కనకవల్లి. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఆ పేరు ఎవరికీ తెలియదు. సైగాన్ పెద్దమ్మ అంటే అప్పట్లో ఆటోవాడు కూడా ఇంటి ముందు దింపేవాడు.

సైగాన్ వియత్నాంలో పెద్ద పట్నం. ఒకప్పుడు మా పుదుచ్చేరి నుంచి ఉద్యోగాలకని, వ్యాపారాలకని ఎన్నో కుటుంబాలు ఓడెక్కి అక్కడికి పోయాయి. పోయినవాళ్లలో అరవవాళ్లు ఎక్కువ, మా తెలుగువాళ్లు తక్కువ. పెద్దమ్మ వాళ్ల నాయన అక్కడ సుంకాల ఆఫీసులో గుమాస్తా. ఇద్దరు కూతుళ్లూ అక్కడే పుట్టారు. అక్కడి యుద్ధం ముగిసిన రోజుల్లో పెద్దమ్మ తిరిగి వచ్చేసింది. చెల్లెలు అక్కడి మనిషినే చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఆ చెల్లెలి ఇల్లు సముద్రపు ఒడ్డున, ముత్యపు చిప్పలు పెంచే ఊళ్లో. అక్కడినుంచి ఏడాదికి రెండుసార్లు, వచ్చీపోయే చుట్టాల చేతిలో, ముత్యాల పొట్లాలు వచ్చేవి. పెద్దమ్మ వాటిని రంగుకు రంగు కలిపి ఏరి, దండలు కట్టించి, బీచి దగ్గరి వీధిలో నగల దుకాణం ఉన్న సెల్వరాజుకు ఇచ్చేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అన్నీ తొలిచి సూస్తావా?" అనేది.

నేను ఆమెకు ఎదురుపడింది రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో. మాది బాహూరు పక్క పల్లె. మా ఇంటాయనకు మిల్లులో పని పోయాక ముత్తియాల్‌పేట మలుపులో కూర్చుని పూలు కట్టి అమ్మేదాన్ని. ఒకరోజు బూడిద రంగు చీర కట్టిన సన్నటి ముసలామె వచ్చి నా ముందు నిలబడింది. పూలు చూడడం లేదు, నా వేళ్లు చూస్తోంది.

"ఏంది పెద్దమ్మా, మూర వెయ్యాలనా?"

"పూలొద్దు. నీ ముడి సూస్తా ఉండా."

"ముడి అమ్మేదానికి లేదు."

"దాన్నే కొనను వచ్చినా," అంది. "సూడకుండా కడతా ఉండావు. ఒక్క ముడి కూడా ఎగుడు దిగుడు లేదే. యాడ నేర్చినావు?"

"మా అత్త గిల్లి గిల్లి నేర్పింది."

ఆమె నవ్వింది. "రేపు మా ఇంటికి రా. నేను గిల్లను. నేనిచ్చేవి సాయంత్రానికి వాడిపోవు కూడా."

మరుసటి రోజు పోయాను. మేడ మీద ఒక గది. ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. దాని కింద బల్ల, బల్ల మీద బూడిద రంగు గుడ్డ పరిచిన పళ్లెం. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆకుపచ్చ చీర, తలలో కనకాంబరాలు, మొహానికి పసుపు, చేతికి ఎర్ర గాజులు.

"పూలు తీసి బయట పెట్టు. గాజులు తియ్. మొగాన పసుపు కడుక్కోని రా. ఇదో, ఈ చీర కట్టుకో." తన చీరలాంటిదే ఇంకోటి నా చేతిలో పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. "మా ఇంటాయన బతికుండాడు. నాకు ముండ వేషం వేసేదానికా పిలిపించినావు?"

ఆమెకు కోపం రాలేదు. ఒక ముత్యం తీసి పళ్లెం నడుమ పెట్టింది. "ఏం రంగు?"

"బూడిద."

నా చీర చెంగు లాగి దాని పక్కన పట్టుకుంది. "ఇప్పుడు?"

ముత్యం ఒక పక్క పాచి పట్టినట్టు పచ్చగా అయింది. నా చేయి పట్టుకుని గాజుల్ని దగ్గరికి తెచ్చింది. గులాబి రంగు తిరిగింది.

"ఇది పక్కన ఏముంటే అది తాగుతాది," అంది. "నీ మొగుడు నూరేండ్లు ఉండనీ మే. ఈ పళ్లెం ముందర కూర్చున్నంత సేపూ నీకు రంగు లేదు. అంతే."

"గాజులు మాత్రం తియ్యను. పైన గుడ్డ చుట్టుకుంటా."

"సరి, చుట్టుకో."

అలా చేరాను. నా పని దండ కట్టడం. పట్టు దారంలో ముత్యానికీ ముత్యానికీ నడుమ ఒక ముడి, దారం తెగినా ఒక్కటే రాలేట్టు. అది నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. ఆమె ఊరుకోలేదు, కళ్లకు కూడా పని పెట్టింది. మొదటిసారి పొట్లం విప్పి పళ్లెంలో పోసినప్పుడు నేను మొహం చిట్లించాను. నేను చూసిన ముత్యాలన్నీ తెల్లవి. ఇవి వెండి, బూడిద, లేత పసుపు, నీలం, పచ్చ, ఇంకా పేరు లేని రంగులు.

"మురిగ్గా ఉండాయే. కడగలేదా వీటిని?"

"ఉప్పుతో రుద్ది కడిగినారు. అంతకంటే ఏమీ చెయ్యలేదు. అదే వీటి గొప్ప." ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. "మిగతా చోట్ల మందులో నానేసి తెల్లగా చేస్తారు. ఆపైన లేత గులాబి పట్టిస్తారు. దండ చూస్తే ఒకే నోట్లో పండ్ల మాదిరి ఉంటాది. ఇవి చిప్పలో ఎట్ల పుట్టినాయో అట్లనే వచ్చినాయి."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. చిప్ప లోపల చిన్న గుండు పెట్టి ఉప్పునీళ్లలో వేలాడదీస్తారు. ఆ ప్రాణి గుండు మీద పొర మీద పొర పోసుకుంటూ పోతుంది. తొందరపడి తీస్తే పొర పలచన, మెరుపు పైపైనే. ఆగి తీస్తే మెరుపు లోపలినుంచి వస్తుంది, నీ మొహం అందులో కనపడుతుంది. వాళ్ల చెల్లెలు అలా ఆగేవాళ్ల దగ్గరే కొంటుందట.

"మరి నీలం ఎట్ల వస్తాది?"

"గుండుకీ మొదటి పొరకీ నడుమ ఏందో చిక్కుకుంటాది. చెత్త అనుకో. దాని మీద పొరలు పోస్తా పోతే బయటికి నీలంగా తెలుస్తాది."

"అయితే చెత్తకా ఇంత అందం?"

"చెత్తకి కాదు మే. పోసిన పొరకి."

నాకు అప్పటికి అక్షరం రాదు. మా వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు గాని చదవగలిగేవాళ్లు లేరు, బడికి పోయినవాళ్లకు వచ్చింది అరవమే. విచిత్రం ఏమంటే పెద్దమ్మకు తెలుగు రాయడం వచ్చు. సైగాన్‌లో వాళ్ల నాయన ఇద్దరు కూతుళ్లనూ గచ్చు మీద కూర్చోబెట్టి బొగ్గుతో దిద్దించాడట. అక్కచెల్లెళ్లు జాబులు తెలుగులోనే రాసుకునేవాళ్లు. పొట్లాల మీద పెద్దమ్మ ఏవో అంకెలు రాసుకునేది. నేను మాత్రం నాకు తెలిసిన పేర్లు పెట్టుకున్నాను. వెండి రంగుది, చేప పేరుతో, చందువా పొట్ట. లేత ఊదా తగిలేది వెల్లుల్లి పొట్టు. నీళ్ల తెలుపుది తాటిముంజ. ఒక రకం ఉండేది, బూడిదలో నీలం, నీలంలో ఇంకేదో దిగులు. దాన్ని వాన ముందు చెరువు అన్నాను. మా బాహూరు చెరువు వాన రాబోయే ముందు సరిగ్గా ఆ రంగులో ఉంటుంది. పెద్దమ్మ ఆ మాట విని అంకెలు కొట్టేసి నా పేర్లు రాసింది.

ఆ చెరువు రంగుతో ఒక నిండు దండ చేయాలని ఆమెకు పట్టుదల. ఒక్కో పొట్లంలో నాలుగో, అయిదో దొరికేవి. నాలుగేళ్లు ఏరింది. సెల్వరాజు దానికి ఒక గిరాకీని కూడా చూసి పెట్టాడు, రంగు వేయని ముత్యమే కావాలని పట్టుబట్టిన మనిషిని. అప్పట్లో బజారు నిండా రంగు వేసిన నల్లవీ నీలివీ ఉండేవి. పుట్టు రంగు అంటే నవ్వేవాళ్లు. "ఈ దండ చూపిస్తే ఇంక ఎవరికి నోరు లేస్తుందో చూస్తాను," అన్నాడాయన. పెద్దమ్మ నోటి మాటే ఆ ముత్యాలకు పూచీ. వేరే కాగితం ఏదీ లేదు.

ఆ ఏడు అమ్మవారి మొక్కులు తీర్చుకునే ఆడి నెలలో మా ఇంటాయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో పెట్టాం. గంజి కూడా దిగడం లేదు. నేను మారియమ్మకు మొక్కుకున్నాను, నెలంతా పసుపు చీర విడవనని. పెద్దమ్మకు చెప్పాను.

"మొక్కు నీది. పళ్లెం నాది," అంది. ఆలోచించి, లోపలినుంచి బూడిద రంగు దుప్పటి ఒకటి తెచ్చింది. "మెడ నుంచి మోకాలి దాకా కప్పుకో. వేలెడు పసుపు కూడా కనపడకూడదు."

సరేనన్నాను. రోజూ కప్పుకున్నాను. దాచిన నూరు పైచిలుకు చెరువు రంగు ముత్యాలకు కొత్త పొట్లం కూడా కలిపి, దండకు కావలసినవి ఏరే రోజు వచ్చింది. ఆమె కీళ్ల నొప్పితో పక్క గదిలో పడుకుని, "నువ్వు ఏరు, నేను చివర్లో సూస్తా," అంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. దుప్పటి కింద చెమట పాకుతోంది. ఆసుపత్రికి పోవాల్సిన వేళ దగ్గర పడుతోంది. దుప్పటి తీసి నడుముకు చుట్టుకున్నాను. ఒక్క నిమిషం అనుకున్నాను. పని అయ్యేదాకా అలాగే ఉన్నాను.

పెద్దమ్మ కుంటుతూ వచ్చింది. నేను పళ్లెం ఎత్తి ఒళ్లో పెట్టుకుని ఆమె ముందుకు వంచాను. ఆమె నా వైపు చూడలేదు. పళ్లెం ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ మనిషిని చూడదు. భూతద్దం కంటికి ఆనించుకుని, మొత్తం ఒక్కొక్కటీ దొర్లించి చూసింది. నా చెంగు ఆ పళ్లానికి జానెడు దూరంలో ఉంది.

"బాగుండాది. కట్టు," అంది.

కట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా ముళ్లు వేయలేదు.

నాలుగు రోజులకు సెల్వరాజు దండ పట్టుకుని వచ్చాడు. చెప్పులు విప్పి, నిలబడే మాట్లాడాడు. ఆ మనిషి మామూలుగా వస్తే కాఫీ తాగందే పోడు.

"పెద్దమ్మా, ఇది మీరు చూసిందేనా?"

"నేను సూడకుండా ఏది పోయింది?"

"కిటికీ దగ్గరికి ఒకసారి తీసుకుపోండి."

ఆమె తీసుకుపోయింది. బూడిద గుడ్డ మీద పరిచింది. నేను దూరంనుంచే చూశాను. చెరువు రంగు నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి పాచి రంగు. ఎనిమిదో తొమ్మిదో. వేరే పొట్లంలో ఉండాల్సినవి. నా చీర పసుపులో రెండు రంగులూ ఒకటిగా కనపడ్డాయి.

"దండ కొన్నామె ఏమంటా ఉండాదంటే," సెల్వరాజు తల దించుకుని చెప్పాడు, "సగం పుట్టు రంగు, సగం వేసిన రంగు అంట. వేసింది వెలిసి పచ్చగా తిరిగిందంట. నేనేమీ అనలేదు పెద్దమ్మా."

"అనకుండానే మోసుకోని వచ్చినావే," అంది పెద్దమ్మ. దండను కత్తెరతో తెంపింది. పాచి రంగుది ఒకటి తీసి, గోళ్ల రంగు తుడిచే మందులో దూది ముంచి రుద్దింది. దూది తెల్లగానే ఉంది. తొలిచిన రంధ్రంలోకి భూతద్దం పెట్టి ఆయన్ను చూడమంది. "రంగు వేస్తే ఈడ పేరుకుంటాది. ఉండాదా?"

"లేదు."

"రంగు మీద తప్పు లేదు. నా కంటి మీద ఉండాది. పో, ఆమెకి అదే చెప్పు. ముసలిదానికి కన్ను పోయింది, జోడు తప్పింది అని."

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. నేను మూలన నిలబడి ఉన్నాను, దుప్పటి మెడ దాకా కప్పుకుని, వేలెడు పసుపు కూడా కనపడకుండా. నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. భయం అంటే సగమే నిజం. అంతకు ముందురోజే మా ఇంటాయన గంజి అడిగి తాగాడు. మొక్కు పలికింది. ఇప్పుడు పోయి, తప్పంతా ఆ చీరది అని నా నోటితో చెబితే, అమ్మవారి చీరకు నింద వేసినట్టు కాదా? ఇచ్చిన ఊపిరి వెనక్కి తీసుకుంటుందేమో. ఇలా అనుకున్నాను. ఇది వెర్రి అని అప్పుడు కూడా తెలుసు. అయినా మొగుడి ఊపిరి మీద పందెం కాయడానికి ధైర్యం చాలలేదు.

పెద్దమ్మ ఆ మరుసటి రోజునుంచి ఉత్తరపు కిటికీ తెరవలేదు. భూతద్దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. నేను పోతే, "పాత దండలు ఉండాయి, దారం మార్చు," అనేది. తను మంచం మీద కూర్చుని అరచేతిని కళ్ల ముందు పెట్టుకుని, దూరంగా జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూసుకునేది. ఒకరోజు కాఫీ లోటా నాకిచ్చి, "ఇది ఇత్తడిదా, స్టీలుదా?" అని అడిగింది. తెలిసే అడిగింది. తన మీద తను పరీక్ష పెట్టుకుంటోంది. "స్టీలు," అన్నాను. "నాకూ అట్లనే తెలస్తా ఉండాది," అంది, నమ్మకం లేకుండా. పళ్లెం తప్ప ఇంకేమీ లేని మనిషి ఆమె. ఆ పళ్లెం ముందునుంచి ఆమెను లేపింది నేను. దుప్పటి కింద నాకు చెమట కారుతూనే ఉంది.

ఆడి వెళ్లిపోయింది. మా ఇంటాయన ఇంటికి వచ్చాడు. పసుపు చీర ఉతికి మడిచాను. ఇక చెప్పొచ్చు గదా? చెప్పలేదు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? ఒక్కో రోజూ చెప్పాల్సిన దాన్ని ఇంకొంచెం బరువు చేసింది. రాత్రి అన్నం సయించదు, పగలు కుదురు లేదు. ముడి వేస్తే ముడి మీద ముడి పడేది.

అప్పుడు పెద్దమ్మ నీలి కవరు ఒకటి నా చేతికిచ్చింది. "మా చెల్లికి జాబు. పోతా పోతా పోస్టులో వెయ్యి."

"ఏం రాసినావు పెద్దమ్మా?"

"కన్ను సంగతి రాసినా."

నాకు అర్థమైపోయింది. ముత్యాలు ఇక పంపొద్దని రాసి ఉంటుంది. పోస్టాఫీసు దాకా పోయాను. పెట్టె నోటి దగ్గర చేయి పెట్టి వెనక్కి తీసుకున్నాను. మూడు రోజులు ఆ కవరు నా రవికలో ఉంది. నాకు చదవడం రాని నాలుగు మాటలు నా ఒంటి మీద కాలుతూ ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున్నే పసుపు చీర సంచిలో పెట్టుకుని పోయాను.

ఏమీ చెప్పకుండా ఉత్తరపు కిటికీ తెరిచాను. పళ్లెం పెట్టాను. చెరువు రంగువి అయిదు, పాచి రంగువి అయిదు కలిపి పోశాను.

"ఏంది మే ఇది? నేను సూడనని చెప్పినా గదా."

"ఒక్కసారి సూడు పెద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

గొణుక్కుంటూ వచ్చింది. చూసింది. వేలితో అయిదింటిని ఇటు, అయిదింటిని అటు జరిపింది. ఒక్కటీ తప్పలేదు. జరిపినాక ఆమె వేలు ఆగిపోయింది. నేను సంచిలోంచి చీర తీసి, మడత విప్పి, పళ్లెం చుట్టూ ఒళ్లో పరుచుకున్నాను, ఆ రోజు ఎలా ఉందో అలాగే. పది ముత్యాలూ ఒకే రంగులోకి తిరిగాయి.

చాలాసేపు పళ్లాన్నే చూసింది. ఆ తర్వాత నా మొహం చూసింది. పళ్లెం ముందు ఆమె నా మొహం చూడడం అదే మొదటిసారి.

"ఎన్ని దినాలాయ?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడు దినాలు నా కన్ను పోయిందని నేను ఏడస్తా ఉండా. నువ్వు సూస్తా కూర్చోని ఉండావు."

"మొక్కు పెద్దమ్మా. మా ఇంటాయన…"

"మొక్కు చీరకి. నోటికి ఎవరు మొక్కమన్నారు?" గొంతు పెంచలేదు. "పో. నా కండ్ల ముందర ఉండొద్దు. ఆ జాబు యాడ? వేసినావా?"

కవరు తీసి బల్ల మీద పెట్టాను. చెమటకు తడిసి ముడతలు పడిపోయింది. ఆమె దాన్ని రేకు పెట్టెలో పడేసి మూత వేసింది. నేను మెట్లు దిగాను.

మరుసటి రోజు పోవాలా వద్దా అని మలుపులో గంటసేపు నిలబడ్డాను. పూలమ్మే వాళ్లు, "ఏంది ఆదిలక్ష్మక్కా, దారి మరిచినావా?" అని నవ్వారు. చివరికి పోయాను. కిటికీ తెరిచి ఉంది. పెద్దమ్మ పళ్లెం ముందు కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుని ఉంది. తల ఎత్తలేదు.

"పసుపు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"రా."

అంతే. క్షమించాననలేదు. ఆ మాట ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. సెల్వరాజుకు కొత్త దండ పోయింది, ఈసారి ఇద్దరం మూడేసి సార్లు చూశాం. మొదటి గిరాకీ మాత్రం తిరిగి రాలేదు. పెద్దమ్మవి రంగు వేసిన ముత్యాలన్న ఆ పాత మాటనే ఆ వీధిలో కొందరు ఇంకా కొన్నేళ్లు చెప్పుకున్నారు. ఆ నింద నా వాటా.

ఆ వారమే ఆమె నా చేతిలో పలక పెట్టింది. "నా జాబుని మూడు దినాలు గుండె మీద పెట్టుకోని తిరిగినావు, లోపల ఏముందో తెలవకుండా. నాకు సిగ్గుగా ఉండాది." నాకు యాభై రెండో యాభై మూడో. వేళ్లకు ముడి వచ్చినంత సులువుగా అక్షరం రాలేదు. ఆమె గిల్లింది కూడా. గిల్లనన్నావు గదా అంటే, "అది ముడికి చెప్పిన మాట," అంది. నేను మొట్టమొదట సొంతంగా రాసిన మాట చందువా పొట్ట, ఒక పొట్లం మీద. ఆమె నియమం ఒక్కటే. ఇంకొకరు రంగు పేరు చెప్పకముందే నీకు కనపడింది రాయి. రాసే ముందు నీ ఒంటి మీద ఏముందో చూసుకో.

ఏడెనిమిదేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత ఆమె కళ్లకు నిజంగానే పొర కమ్మింది. పళ్లెంలో తెల్లవి కూడా మీగడ రంగులో కనపడుతున్నాయంది. డాక్టరు చూసి, ఇది ఇవాళ వచ్చింది కాదు, ఏళ్ల తరబడి కమ్ముతూ వచ్చిందన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు మళ్లీ కుదురు పోయింది. ఆ రోజు ఒళ్లో పళ్లెం పెట్టుకున్నప్పుడు, ఆమెకు రంగు దాచింది నా చీరా, అప్పుడే మొదలైన పొరా? అడిగాను. "నువ్వు తేల్చుకోలేక చచ్చిపో," అంది నవ్వుతూ. తప్పు దేనిదైనా, ఇరవై మూడు రోజులు నోరు మూసుకుంది మాత్రం నేనే. దానికి పొర అడ్డం లేదు.

ఆపరేషన్ అయ్యాక కంటికి కట్టు వేశారు. పొద్దుపోక రేకు పెట్టె తెమ్మంది. "చెల్లి జాబులు ఉండాయి. ఏదో ఒకటి చదువు. తప్పులు లేకుండా చదువు."

చేతికి అందింది తీశాను. నీలి కవరు, ముడతలు పడింది. నాకు తెలిసిపోయింది. ఆమెకు చెప్పకుండానే విప్పి చదవడం మొదలుపెట్టాను.

"చెల్లికి అక్క రాసేది. నా కన్ను అయిపోయింది. దండ ఒకటి తప్పు జోడు పోయింది. అయినా నువ్వు ముత్యాలు పంపడం ఆపవద్దు. నా దగ్గర ఆదిలక్ష్మి అని ఒకామె ఉంది. పూలు కట్టేది. అక్షరం రాదు. ఆమె కన్ను నా కన్ను కంటే నమ్మకమైనది. ఇకమీదట రంగు ఆమె చూస్తుంది. పొట్లం మీద నా పేరు తీసి ఆమె పేరు రాయి."

నా పేరు దగ్గర ఒకసారి, చివర ఒకసారి ఆగాను. ఆమె కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పింది.

"అదా వచ్చింది చేతికి," అంది. "అబద్ధం రాసినా గదా. పోస్టు కాకపోయిందే మేలు. చించెయ్."

"సరి," అన్నాను. మడిచి రవికలో పెట్టుకున్నాను. కాగితం చప్పుడు ఆమెకు వినపడే ఉంటుంది. చించిన చప్పుడు రాలేదని కూడా తెలిసే ఉంటుంది.

కట్టు విప్పిన రోజు కిటికీ ముందు కూర్చుని చెరువు రంగు ముత్యం ఒకటి పట్టుకుని చూసింది. "ఇంత నీలమా మే ఇది?" అంది. "నాకు ఇంత నీలం ఉండాదని నువ్వు యాడ చెప్పినావు?" ఆ తర్వాత రెండేళ్లు ఉంది. ఆమె పోయాక చెల్లెలు కూడా ఎక్కువ కాలం లేదు. పొట్లాలు ఆగిపోయాయి. పళ్లెం నేను తెచ్చుకున్నాను. అందులో ఇప్పుడు మా కూతురు ఉల్లిపాయలు పోస్తుంది. బూడిద రంగు చీర ఒకటి నా దగ్గర ఉంది. జాబు దాని మడతలో ఉంది.

ఆ జాబులో ఉన్నది అబద్ధమని ఆమే చెప్పింది. నా కన్ను అన్నిటికంటే తప్పుగా చూసిన రోజుల్లోనే ఆమె దాన్ని నమ్మకమైనదని రాసింది. ఆ మాటను నిజం చేయడానికి నేను ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ పళ్లెం ముందు కూర్చున్నాను. అయిందో లేదో తెలియదు. చెప్పాల్సిన మనిషి లేదు.

ఇప్పుడే లేచి చూశాను. ఎదురింటి చీర ఆరింది, తీసేశారు. గోడ మళ్లీ తెల్లగా ఉంది. కిటికీ తెరిచాను.

"అయిందా మీ చీర గొడవ?" అంది మా కూతురు.

తన మెడలో కొత్త పూసల గొలుసు ఉంది. "ఇది ఏం రంగుమా, బూడిదా, నీలమా? దుకాణంవాడు ఒకటి చెప్తాడు, నాకు ఒకటి తెలస్తా ఉండాది."

నేను ముందు నా చీర వైపు చూసుకున్నాను.